ఉమ్మడి రాయి

"ఇకమీదట ఈ ప్రభుత్వాసుపత్రిలో ఒక్క కిడ్నీ రాయి కూడా అశాస్త్రీయంగా బయటికి రాదు" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించిన రోజున ముందు వరసలో చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒక చెయ్యి నడుం పట్టుకుని ఉన్నందువల్ల రెండో చేత్తో తొడ మీద కొట్టాను. నా కుడి కిడ్నీ కింద కందిగింజంత రాయి అడ్డం పడి అప్పటికి పదకొండు రోజులు.

కోతా కుట్టూ లేకుండా సన్నగొట్టం లోపలికి పంపి రాయిని పగలగొట్టే యంత్రాలు మూడు వచ్చాయి. ఒకటి లేజరుతో పిండి చేస్తుంది. ఒకటి గాలి సుత్తితో ముక్కలు చేస్తుంది. మూడోది శబ్దతరంగాలతో వణికించి చూర్ణం చేస్తుంది. ఏది కొనాలో తేల్చడానికి మంత్రిగారు కమిటీ వేశారు. పోలిక న్యాయంగా ఉండాలి కనక మూడింటినీ ఒకే రాయి మీద పరీక్షించాలని రాసి సంతకం పెట్టారు. ఆ రాయి నాది.

"ఇన్నేళ్ళ కాపురంలో నీ దగ్గర పదిమందికి పనికొచ్చేది ఒకటుంటుందని అనుకోలేదయ్యా" అంది మా ఆవిడ.

నాలుగో అంతస్తులో నన్ను బల్లెక్కించారు.

"లేజరు పెడితే నిమిషం పని సార్. తాత సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు" అన్నాడు సర్జను.

"మరి మిగతా రెండు కంపెనీలూ దేన్ని కొట్టాలయ్యా? తాత తలకాయనా?" అన్నారు మంత్రిగారు.

"పేషెంట్లు ఇంకా నలభైమంది ఉన్నారు సార్."

"ఒకడి రాయి గట్టిది, ఒకడి రాయి మెత్తది. రేపు కంపెనీవాడు కోర్టుకెళితే నువ్వొస్తావా?"

కమిటీ చైర్మన్‌గారు అడ్డం పడ్డారు. ఆయన రిటైరైన రోడ్ల ఇంజనీరు, రాళ్ళలో నలభై ఏళ్ళ అనుభవం. రాయికి తక్కువ నష్టం చేసిన యంత్రానికే ఎక్కువ మార్కులని ఆయన అప్పటికప్పుడు రూలు సవరించారు.

"మరి నా నొప్పికో?" అన్నాను.

"దానికి మార్కుల్లేవు పెద్దాయనా" అన్నారు ఎంతో మర్యాదగా.

ఆ రోజు వాయిదా. మర్నాడూ వాయిదా. లిఫ్టు యంత్రాలకి కేటాయించారు కనక నేను రోజూ నాలుగంతస్తులు మెట్ల మీదే ఎక్కాను. ఎక్కిన మెట్లన్నీ నిలువునా పేరిస్తే చంద్రుడి మీద దిగి, టీ తాగి రావచ్చు. మా ఆవిడ వెనకాలే నీళ్ళ సీసా పట్టుకుని "తాగి ఎక్కు" అంటూ తరిమేది.

పంతొమ్మిదో రోజు మూడో అంతస్తు మరుగుదొడ్లో రాయి టక్కున రాలింది. కాగితంలో చుట్టి సర్జనుకి చూపించాను.

"ఉమ్మడి రాయి పోయిందంటే టెండరు రద్దు తాతా. ఆ నలభైమందీ మంచాల మీద మెలికలు తిరుగుతున్నారు. వాళ్ళ కోసమైనా నోరు మూసుకుని పడుకో" అన్నాడు చెవిలో.

పడుకున్నాను. మర్నాడు గొట్టం మూడుసార్లు లోపలికెళ్ళి మూడుసార్లు వచ్చింది.

"రాయి ముక్కలేమన్నా కనపడ్డాయా?" అని అడిగారు చైర్మన్‌గారు ప్రతిసారీ.

"ఒక్కటీ లేదండి" అన్నాడు సర్జను.

"అంటే నష్టం లేదు. నూటికి నూరు."

మూడూ సమానం. ఏది కొన్నా అన్యాయమే కాబట్టి ఏదీ కొనరాదని మంత్రిగారు తీర్పు చెప్పబోతూ, నడుం పట్టుకుని వంగిపోయారు. చెమటలు కారుతుండగా నా బల్ల దగ్గరికొచ్చి, "ముక్క కూడా లేదంటే లోపల రాయే లేదన్నమాట. నిజం చెప్పు పెద్దాయనా, నీది దేంతో పోయింది?" అన్నారు.

"సీసాడు నీళ్ళు, నాలుగంతస్తుల మెట్లు బాబూ."

ఆయన ఆలోచనలో పడ్డారు. తర్వాత కారెక్కి, ఊళ్ళోకెల్లా పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళారు.

రెండో రోజు నిటారుగా, నవ్వుతూ తిరిగొచ్చారు.

"దేంతో తీశారట?" అని ఆయన డ్రైవర్ని అడిగాడు సర్జను.

"లేజరట సార్. నిమిషం కూడా పట్టలేదు."

ఆ పూటే మంత్రిగారు ఆసుపత్రి మెట్లకి రిబ్బను కత్తిరించి, కిడ్నీ విభాగం కింద జాతికి అంకితం చేశారు. నలభైమందీ సీసాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. దారి తెలిసినవాణ్ణని నన్ను సలహాదారుగా ముందు నిలబెట్టారు.

సభ నాలుగో అంతస్తులో. మంత్రిగారు లిఫ్టులో వెళ్ళారు.