నోట్లో నూనె, ఇంట్లో మౌనం

ఎదుటివాడి ముక్కుకి జానెడు దూరంలో మొహం పెట్టి చేసే ఉద్యోగాలు లోకంలో మూడే ఉన్నాయి. పళ్ళ డాక్టరుది, మంగలిది, నాది. మొదటివాడు మూతికి గుడ్డ కట్టుకుంటాడు. రెండోవాడు సగంసేపు వెనకే నిలబడతాడు. దొరికిపోయేది నేనొక్కణ్ణే. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షిస్తాను.

మా వంశంలో కాలేజీ గడప తొక్కినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. అందుకని నాకు తెలియనిదేమీ లేదని నేనూ, తెలిసిందేమీ లేదని మా ఆవిడా పదకొండేళ్ళుగా వాదించుకుంటున్నాం.

ఆ నెలలో ఒకే వారంలో మూడు జోళ్ళు వెనక్కి వచ్చాయి. మూడింటిదీ ఒకటే జబ్బు. పెట్టుకున్నవాళ్ళు తల పక్కకి వాల్చితేనే అక్షరం తిన్నగా కనబడుతోందట!

"నీ డిగ్రీ సంగతి నాకు తెలీదు గానీ, నా కళ్ళజోడులో మాత్రం పదిహేను డిగ్రీలు తేడా ఉంది బాబూ," అన్నారు లెక్కల మాస్టారు, జోడు బల్ల మీద పెట్టి. "పేపరు చదవాలంటే మెడ విరిగినవాడిలా కూర్చోవాల్సొస్తోంది."

విషయమేమిటంటే, కొందరి కళ్ళకి పెట్టే అద్దాన్ని గడియారం ముల్లులా తిప్పుతూ సరైన కోణంలో నిలపాలి. ఆ సమయంలో తల ఎంత వాలితే అద్దంలో కోణం అంత తప్పుతుంది. అది నాకు తెలుసు. నా ఎదుట కూర్చున్నవాళ్ళంతా తలలు ఎందుకు వాలుస్తున్నారో మాత్రం తెలియలేదు.

మా యజమానికి మేం చాటుగా పెట్టుకున్న పేరు రెండుచూపులాయన. ఆయన జోడులో పై అద్దం దూరానికి, కింది అద్దం దగ్గరికి. కొనేవాళ్ళని పై అద్దంలోంచి చూస్తాడు, మమ్మల్ని కింది అద్దంలోంచి.

"ఏమయ్యా," అన్నాడు కింది అద్దంలోంచి. "నెలాఖరున నా కళ్ళు నువ్వే చూడాలి. అందులో తేడా వచ్చిందో, పరీక్ష కుర్చీ దగ్గర నువ్వుండవు. కౌంటర్లో కూర్చుని అద్దాలు తుడుచుకోవాలి."

మా నాన్న కనబడినవాడికల్లా "మావాడు కళ్ళ డాక్టరు లాంటివాడు" అని చెప్పుకుంటాడు. ఆ 'లాంటి' అన్న మాట మీదే మా ఇంటి పరువంతా నిలబడి ఉంది. నేను గుడ్డ పట్టుకుని కూర్చుంటే ఆ మాట కూడా కూలిపోతుంది.

అసలు కారణం మర్నాడు ఒక మామ్మగారు చెప్పారు.

"మామ్మా, తల తిన్నగా పెట్టి చెప్పండి. మూడో వరసలో ఏం కనబడుతోంది?"

"అన్నీ కనబడుతున్నాయి నాయనా. నువ్వు కాస్త గుమ్మం దగ్గరికెళ్ళి అడుగు, చెబుతాను."

ఆ క్షణంలో నాకు పదకొండేళ్ళ కాపురం అర్థమైపోయింది. పెళ్ళైన కొత్తలోనే మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే "గోడ చల్లగా ఉంటుందండీ" అనేది. ఎంత మర్యాదస్తురాలండీ!

దుకాణంలో కూర్చున్నవాళ్ళు తిరగేసే పాత పత్రికల్లో వెతికితే ఒక వ్యాసం దొరికింది. నోటి దుర్వాసన పోవడానికి సహజ మార్గాలు. నాలుక గీసుకోవాలి, నీళ్ళు బాగా తాగాలి అని మొదట్లోనే ఉంది. ఇంత సులువైన పనులకి నాలాంటి చదువుకున్నవాడు ఎందుకని కిందికి దిగాను. అక్కడ లవంగాలు, యాలకులు, అల్లం, పుదీనా ఉన్నాయి. అన్నిటికన్నా గంభీరంగా ఒకటుంది: పొద్దున్నే నువ్వుల నూనె నోట్లో పోసుకుని పావుగంట పుక్కిలించడం. శాస్త్రమంటే ఇలా ఉండాలి!

చిక్కల్లా మా ఆవిడతోనే. ఆమెకి తెలిస్తే మా అత్తగారికి తెలుస్తుంది. మా అత్తగారికి తెలిశాక ఇక పత్రికలో వేయించనక్కర్లేదు. అందుకని ఒక పథకం వేశాను.

"ఇదిగో, రేపట్నుంచి రోజూ పొద్దున పావుగంట మౌనం పాటిస్తున్నాను. మనసుకి మంచిది."

"పావుగంటేనా?" అంది కూర తరుగుతూ. "మంచిపనికి పిసినారితనం ఎందుకండీ?"

మొదటిరోజు చెంచాడు నూనె నోట్లో పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, కిటికీ దగ్గర ఋషిలా నిలబడ్డాను. వంటింట్లోంచి మాట వచ్చింది.

"ఏమండీ, మా అమ్మ వచ్చి నెల్లాళ్ళుంటానంటోంది. రమ్మననా?"

గట్టిగా తల అడ్డంగా ఊపాను. ఆమె పొయ్యి వైపు తిరిగి ఉంది. గొంతుతో చెబుదామంటే నూనె గొంతులోకి జారుతోంది. "ఊఁ... ఊఁ..." అన్న మూలుగు తప్ప ఏమీ రాలేదు.

"రెండుసార్లు ఊఁ అన్నారే! అయితే రెండు నెలలు ఉండమంటాను."

రెండోరోజు గిన్నెలు కడిగే పని నాకు బదిలీ అయింది. మూడోరోజు కాగితం మీద 'వద్దు' అని రాసి చూపించబోయాను. "మౌనమంటే రాతలు కూడా ఉండకూడదటండీ," అని కాగితం లాక్కుని దాని మీద సరుకుల జాబితా రాసుకుంది.

నాలుగోరోజు అసలు దెబ్బ పడింది.

"ముందు గదిలో కుట్టుపని క్లాసు పెట్టుకుంటానని రెండేళ్ళుగా అడుగుతున్నాను కదండీ. మీరేమో అది మీ చదువుకునే గది అంటారు. అందులో మీరు చదివింది గోడ మీద కేలెండరొక్కటే. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి."

నా కళ్ళు బయటికి వచ్చాయి. బుగ్గలు అదిరాయి. నూనె నోట్లో సముద్రమైంది.

"మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు," అని కొలతలు తీసుకునే టేపు పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

అర్ధాంగీకారమంటే సగం ఒప్పుకోవడమని కాలేజీలో చదువుకున్నాను. తప్పు. దాన్ని అర్ధాంగీ, కారం అని విడదీయాలి. నూనె నాది, కారం ఆమెది.

ఇంట్లో ఇంత నష్టపోయినా దుకాణంలో లాభముంటుందని ధైర్యం. ఒక బుగ్గలో నాలుగు లవంగాలు, రెండో బుగ్గలో రెండు యాలకులు, నాలుక కింద అల్లం ముక్క పెట్టుకుని డ్యూటీకి దిగాను. మధ్యాహ్నానికి నాలుక మొద్దుబారింది. కుర్చీలో ఒక రిటైరైన సైనికుడు కూర్చున్నాడు. అద్దం మార్చి మార్చి నేనెప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను: ఇది బాగుందా, ఇది బాగుందా?

బుగ్గల్లోంచి బయటికి వచ్చింది మాత్రం వేరు. "ఇది బాంబా? ఇది బాంబా?"

ఆయన కుర్చీ కిందికి దూరాడు. ఆయన్ని బయటికి తీయడానికి ముగ్గురం పట్టాం. యజమాని కింది అద్దంలోంచి చూస్తూ, తుడిచే గుడ్డ ఒకటి మడతపెట్టి కౌంటర్ మీద ఉంచాడు.

నెలాఖరుకి పది రోజులుంది.

మర్నాడు పొద్దున నేను మౌనంలో ఉండగా మా ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ ఏమీ అడగను. చెబుతాను. ఆ నూనె ఉమ్మేసి రండి."

ఉమ్మేశాను. సగం మింగేశాను కూడా.

"నీకెలా తెలిసింది?"

"సీసాలో నూనె రోజుకో చెంచా తగ్గుతోంది. మీ బుగ్గలు రోజూ పావుగంట ఉబ్బుతున్నాయి. ఇందులో తెలియకపోవడానికేముంది?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పానండీ! పెళ్ళైన ఆర్నెల్లకే చెప్పాను, నాలుక గీసుకోండి, నీళ్ళు తాగండి అని. 'నేను డిగ్రీ చదివినవాణ్ణి' అన్నారు. సరే, డిగ్రీయే కడుగుతుందిలెమ్మని గోడ వైపు తిరిగాను."

నూనె సీసాకి మూత బిగించి వంటింట్లో పెట్టొచ్చాను.

"మీరు పొద్దున ఏమీ తినకుండా కాఫీ తాగి పరిగెడతారు. రోజంతా వాగుతారు, గుక్కెడు నీళ్ళు తాగరు. నోరు ఎండిపోతే కంపు కొట్టదూ? ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పన్ను పుచ్చితే లవంగాల మూట కట్టినా లాభం లేదు."

వెళ్ళాను. దవడలో ఒక పన్ను పుచ్చింది. డాక్టరు దాన్ని పూడ్చి, పళ్ళ సందుల్లో దారంతో శుభ్రం చేసుకోమన్నాడు. రోజూ రెండుపూటలా నాలుక గీసుకున్నాను. మొదటిరోజు వచ్చిన పాచి చూసి, ఇంతకాలం ఇంత బరువు మోసిన నాలుక మీద నాకు జాలి వేసింది. పొద్దున్నే కడుపుకింత తిన్నాను. గంటకో గ్లాసు నీళ్ళు తాగాను. భోజనంలో పచ్చి ఉల్లిపాయ మానేసి, తిన్నాక ఉప్పునీళ్ళతో పుక్కిలించి, చిటికెడు సోంపు నమిలాను. ఇందులో శాస్త్రం గొప్పగా కనబడలేదు గానీ, వారం తిరిగేసరికి మా ఆవిడ గోడని వదిలేసింది.

నెలాఖరున రెండుచూపులాయన కుర్చీలో కూర్చున్నాడు. నేను జానెడు దూరంలోకి వంగాను. ఆయన తల స్తంభంలా నిలబడింది. అద్దం తిప్పాను, కోణం కుదిరింది. చివరి వరస దాకా గడగడా చదివేశాడు. నాలుగు రోజుల తర్వాత కొత్త జోడు పెట్టుకుని వీధిలోకి తొంగిచూసి, జీవితంలో మొదటిసారి నన్ను పై అద్దంలోంచి చూశాడు.

"శెభాష్! కుర్చీ నీదేనయ్యా. ఇంతలో ఇంత మార్పెలా వచ్చింది?"

పుచ్చు పన్ను గురించి ఎవరు చెబుతారు? రొమ్ము విరుచుకుని, "రోజూ పొద్దున పావుగంట మౌనం సార్," అన్నాను.

సోమవారం దుకాణం తెరిచే ముందు ఆయన అందరినీ వరసగా నిలబెట్టాడు. ఇకనుంచి రోజూ పావుగంట మౌనమట. అయిదుగురం నోళ్ళు మూసుకున్నాం. ఏడో నిమిషంలో ఆయన గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే వారం నుంచి ఆదివారం కూడా దుకాణం తెరుస్తున్నాం. పరీక్ష కుర్చీ దగ్గర మన డిగ్రీగారుంటారు. సెలవు సోమవారం తీసుకుంటారు. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి."

గడియారంలో ఇంకా ఎనిమిది నిమిషాలుంది. మిగతా నలుగురూ నన్ను చూసిన చూపుకి ఏ అద్దమూ సరిపోదు.

కోపంతో ఇంటికి వచ్చాను. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, వాటి మధ్య మా అత్తగారు. నా బల్ల వరండాలోకి వెళ్ళిపోయింది.

"విన్నావా? ఇకనుంచి ఆదివారం కూడా నాకు డ్యూటీ!"

"మంచిదేనండీ," అంది మా ఆవిడ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "క్లాసు ఆదివారమే పెట్టాను. మీరు ఇంట్లో ఉంటే వచ్చే ఆడవాళ్ళు మొహమాటపడతారేమో అని బెంగపడ్డాను."

"మౌనంలో ఉండగా అడగడమేమిటి? మా యజమానికి ఆ ఉపాయం ఎలా తట్టిందంటావు?"

"ఆయనకెక్కడ తడుతుందండీ! వాళ్ళావిడ క్లాసులో చేరడానికొచ్చి, ఈ గది ఎలా సంపాదించావని అడిగింది. చెప్పాను. ఆవిడే మా మొదటి స్టూడెంటు."

గట్టిగా జవాబు చెబుదామని నోరు తెరిచాను. పళ్ళు తళతళలాడుతున్నాయి, నాలుక శుభ్రంగా ఉంది, ఊపిరి సోంపు వాసన వేస్తోంది. అంత చక్కటి నోట్లోంచి రావడానికి మాటే లేదు.