తేనెరంగు గాజుపళ్లెం

ఆదివారం పొద్దున గుమాస్తా నాగేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కచేరీ పెద్ద బోకారే సాహెబు ఇంటి నుంచి మొన్న పుడింగు వచ్చిన గాజుపళ్లెంలో తీపి గరిజెలు నింపాలి, తల దువ్వుకోవాలి, బంగళాకు వెళ్లి దాన్ని సాహెబు భార్య బాయిసాహెబు చేతికివ్వాలి. వరండాలో సాహెబు కనిపిస్తే ఒక నమస్కారం పెట్టి, ఆ నమస్కారంలోనే తన గోడు కూడా కాస్త కలపాలి.

ఆ గోడు ఇది. రాజురా తాలూకా చేతులు మారి మారి చివరికి చాందా జిల్లాలో కలిసిన ఏడాది అది. చంద్రపూర్‌ను అప్పుడు అందరూ చాందా అనేవాళ్లు. నిజాం కాలపు ఉర్దూ గుమాస్తాలంతా ఇక్కడి కచేరీలోకి వచ్చి పడ్డారు, పనంతా మరాఠీలోకి మారిపోయింది. మరాఠీ రానివాళ్లను ఆదిలాబాద్‌కు సాగనంపాలా, ఉంచుకోవాలా అన్నది బోకారే సాహెబు సోమవారం తేల్చబోతున్నాడు. నాగేశ్వర్‌కు విరూర్‌లో పొలం ఉంది, బల్లార్‌పూర్‌లో బావమరుదులున్నారు, చాందాలో సగం లేచిన ఇంటి గోడలున్నాయి. మరాఠీ ఒక్కటే లేదు.

గరిజెలు పెట్టబోతూ పళ్లేన్ని వెలుతురుకెత్తి చూశాడు. అడుగునా అంచుల్లోనూ గోధుమరంగు జిడ్డు గట్టిపడి ఉంది.

"ఇదేంది, గిట్ల మాడ్చినవ్?" అన్నాడు భార్య రాజకుమారితో.

"నేను మాడ్చుడేంది? వచ్చుడే గట్ల వచ్చింది."

"సాహెబు ఇంట్లకెల్లి గిట్లాంటిది వస్తదా?"

ఇక్కడే అంతా చెడింది. నాగేశ్వర్ లెక్కలో అధికారుల ఇళ్లలో కోపాలుండవచ్చు, అప్పులుండవచ్చు, ఆఖరుకు లంచాలు కూడా ఉండవచ్చు. మురికి మాత్రం ఉండదు. ముందు రోజు రాజకుమారి మిగిలిన పుడింగును వేడి బూడిద మీద కాసేపు పెట్టిన సంగతి గుర్తు తెచ్చుకుని, నేరం తన ఇంట్లోనే జరిగిందని తేల్చేశాడు. తానే బూడిద, కొబ్బరిపీచు పట్టుకుని కూర్చున్నాడు. పోలేదు. చింతపండు రుద్దాడు. చేతులు తెల్లబడ్డాయి గాని పళ్లెం రంగు మారలేదు.

చివరికి రాజకుమారి దాన్ని లాక్కుంది. గంగాళంలో మసిలే నీళ్లు పోసి, బట్టల సోడా దండిగా కలిపి, నీళ్లు కాస్త చల్లారాక పళ్లెం ముంచింది.

"తోమితె పోదు, నాననియ్యాలె. అంటుకున్నది దానంతలదే ఊడి వస్తది. పగటి దాంక ముట్టకుండ్రి."

అప్పుడే బంగళా జవాను సమ్మన్న గుమ్మంలో నిలబడ్డాడు. "నాగేశ్వరన్నా, బాయి పల్లెం తెమ్మన్నది. సుట్టాలొస్తుండ్రట."

నానుతోంది అంటే ఎందుకు అంటాడు. మాడింది అంటే ఇంకేమైనా ఉందా? నాగేశ్వర్ నోటికి మొదట దొరికింది చెప్పేశాడు. "మా ఇంట్ల ఆమెకు జరం వచ్చిందే సమ్మన్నా. మూడొద్దుల సంది లేస్తలేదు. నేనే తెచ్చిస్త అని చెప్పు."

మూడు రోజులుగా లేవని మనిషి వాకిట్లో గిన్నెలు సర్దుతూ ఉంది. సమ్మన్న ఆమెను చూశాడు, నాగేశ్వర్‌ను చూశాడు, జవాను గనక చెప్పమన్న మాట పట్టుకుని వెళ్లిపోయాడు.

బోకారే బాయి మంచి మనిషి. నాగేశ్వర్ నెత్తిమీదికి వచ్చిన కష్టమంతా ఆ మంచితనం వల్లే వచ్చింది. మిట్టమధ్యాహ్నం టాంగా కట్టించుకుని, సాబుదాణా గంజి పట్టుకుని, జ్వరం మనిషిని చూడ్డానికి స్వయంగా వచ్చింది. టాంగా చప్పుడు వినగానే నాగేశ్వర్ భార్యను మంచం మీదికి తోసి గొంగడి కప్పాడు. అసలే చాందా ఎండాకాలం. బాయి నుదుటి మీద చెయ్యి పెట్టి, "పాపం, ఒళ్లు కాలిపోతోంది" అంది మరాఠీలో. రాజకుమారి ఒళ్లు నిజంగానే కాలిపోతోంది, లోపల ఇంకా ఎక్కువ కాలుతోంది.

ఎలాగైనా బాయిని పంపించేయాలని నాగేశ్వర్ గంగాళంలోంచి పళ్లెం తీసి తుడిచాడు. రాజకుమారి చెప్పినట్టే జిడ్డంతా ఊడిపోయి, అవతల పెట్టిన వేలు ఇవతలికి కనిపించేంత తేటగా తేలింది. గరిజెలు పేర్చి, నవ్వు మొహంతో బాయి చేతిలో పెట్టాడు.

బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, వాళ్లకు అర్థమయ్యేలా హిందీలో అంది. "ఇది మాది కాదు. మాది తేనెరంగుది. మూడేళ్ల కిందట బొగ్గుగని దొర విలాయత్ వెళ్లిపోతూ వేలం వేస్తే కొన్నాం. అలాంటి రంగు గాజు ఇక్కడ దొరకదు."

"అది రంగు కాదు బాయీ, కడిగితె..." అని గొంగడిలోంచి మాట వచ్చింది. నాగేశ్వర్ గట్టిగా దగ్గాడు.

పాపం, నిజం చెబితే బాయి మూడేళ్లుగా మొగుడికి దొర ఇంటి జిడ్డులో వండి పెడుతున్నట్టు తేలుతుంది. చెప్పకపోతే తాను దొంగ అవుతాడు. నాగేశ్వర్ ఆట్టే ఆలోచించలేదు, దొంగతనమే నయమనిపించింది. పొరపాటున బావమరిది పళ్లెం ఇచ్చానని, బాయిది లోపల భద్రంగా ఉందని, రేపు పొద్దున తెచ్చిస్తానని హిందీలో చెప్పి చేతులు జోడించాడు. బాయి అనుమానంగా చూసి, గంజి అక్కడే పెట్టి, గరిజెలు ముట్టకుండా వెళ్లిపోయింది.

"ఇగ దీన్ని మల్ల ఎట్లుండెనో గట్ల చెయ్యాలె. లే," అన్నాడు నాగేశ్వర్.

రాజకుమారి గొంగడి తీసేసింది గాని మంచం దిగలేదు. "నాకు జరం కద. మీరే చేసుకోండ్రి."

మురికి చేయడం అంత తేలిక కాదని నాగేశ్వర్‌కు ఆ సాయంత్రం తెలిసింది. నెయ్యి పూసి రేకుడబ్బాలో పెట్టి పైనా కిందా బొగ్గులు వేశాడు. మరకలు పడ్డాయి గాని తేనెరంగు రాలేదు. పల్లీనూనె పూశాడు. ఆఖరుకు బెల్లం పాకం పట్టించాడు. ఇల్లంతా పొగ. పక్కింటి సాయమ్మ బిందె పట్టుకుని ఉరికి వచ్చి, "ఇల్లు అంటుకున్నదా ఏంది?" అని అడిగింది.

"లేదత్తా. మా ఆయన పల్లెం ఖరాబు చేస్తుండు," అంది రాజకుమారి మంచం మీది నుంచి.

చేతులు బొబ్బలెక్కాయి, కళ్లు ఎర్రబడ్డాయి, చివరికి పళ్లెం మాత్రం దొర నాటి రంగులోకి వచ్చింది. నాగేశ్వర్ దాన్ని చూసి నిజంగా గర్వపడ్డాడు.

సోమవారం పొద్దున బంగళాలో దాన్ని చూడగానే బాయి మొహం విప్పారింది. "ఇదే మాది" అని ముద్దుగా తుడిచి బల్లమీద పెట్టి, చాయ్ పంపిస్తానని లోపలికి వెళ్లింది. వరండాలో కూర్చున్న సాహెబు పళ్లెం దగ్గరికి లాక్కుని, అడుగున వేలు రాసి వాసన చూశాడు.

"మా ఇంట్లో బెల్లం వాడరు," అన్నాడు హిందీలో, నెమ్మదిగా. "నిన్నటి పళ్లెం కూడా ఇదే కదా?"

నాగేశ్వర్‌కు కళ్ల ముందు ఆదిలాబాద్ కనిపించింది. సగం గోడల మీద వాన పడుతున్నట్టు కూడా కనిపించింది. అబద్ధం ఆడే ఓపిక లేక తల ఊపాడు.

"తోమింది ఎవరు?"

"మా ఇంటామె, సాబ్."

"మళ్లీ ఇలా చేసింది?"

"నేనే, సాబ్."

సాహెబు లోపలి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "మూడేళ్లుగా ఈ జిడ్డు నాకు కనిపిస్తూనే ఉంది. ఒక్కనాడూ చెప్పే ధైర్యం చాల్లేదు. జిల్లాలో ఇంత పిరికివాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను." వేలు రుమాలుకు తుడుచుకున్నాడు. "మీ ఆవిడ తెలివైంది. అలాంటివాళ్లతో కచేరీ నడవదు. పైవాళ్ల మురికిని ఉన్నదున్నట్టు మళ్లీ పెట్టగలిగినవాడు కావాలి. మరాఠీ మెల్లగా నేర్చుకోవచ్చు. నువ్వు ఇక్కడే ఉండు."

నాగేశ్వర్ చాందా కచేరీలో ముసలివాడయ్యేదాకా పనిచేశాడు, దేన్నీ శుభ్రం చేసిన పాపాన పోలేదు.