హైమావతి ఓర్పు

హైమావతి ఓర్పును కమిషనర్ గారి దగ్గరికి డెప్యుటేషన్ మీద పంపుతూ సోమవారం పొద్దున ఉత్తర్వులొచ్చాయి. హైమావతి మాత్రం ఉన్నచోటే ఉండాలి.

ఆమె పురపాలక సంఘంలో నీళ్ళ ఫిర్యాదుల కౌంటర్లో పనిచేస్తుంది. కుళాయి రావడం లేదనీ, వచ్చినా బురదే వస్తోందనీ జనం కడుపులో ఉన్నదంతా ఆమె ముందు కక్కేసి పోతారు. తిట్టినా శపించినా ఆమె "అలాగేనండీ, రాసుకున్నానండీ, కూర్చోండి" అనేది. ఈమధ్య ఉద్యోగుల మనోబలాలు తనిఖీ చేస్తే ఆమె దగ్గర ఓర్పు అవసరానికి మించి ఉందని తేలింది. కమిషనర్ గారి దగ్గర బొత్తిగా లేదు. ఇలాంటి సర్దుబాట్లు మామూలే. పన్నుల విభాగంలో వీర్రాజు ధైర్యం చాలాకాలంగా వేరే జిల్లాలో పనిచేస్తోంది. ఆయన ఇక్కడ ఫోను మోగితే ఉలిక్కిపడుతుంటాడు.

"ఎన్నాళ్ళకు సార్?" అని అడిగింది సూపరింటెండెంట్ రంగనాయకుల్ని.

"తాత్కాలికమేనమ్మా. కాస్త ఓర్పు పట్టాలి మరి," అని ఆయన నాలుక కరుచుకున్నాడు.

అటెండరు వచ్చి ఓర్పును తీసుకెళ్ళాడు. నొప్పేమీ లేదు. చెప్పులు విడిచినట్టుంది, అంతే. తర్వాత కౌంటరుకు వచ్చిన పెద్దాయన గొంతు సవరించుకుంటుండగానే "తొందరగా ఏడవండి!" అని అరిచింది. ఆ అరుపుకి ఆయన కంటే తనే ఎక్కువ బెదిరింది.

ఆఫీసు ఏమైపోయినా, ఆమె గుబులంతా ఇంటి గురించే. మూడో తరగతి చదివే కూతురు వకుళకి నత్తి. మాట పెదవులదాకా వచ్చి ఆగిపోతుంది. పిల్ల మాత్రం పట్టు విడవదు. పిడికిళ్ళు బిగించి, ఆ మాట బయటపడేదాకా దానితో కుస్తీ పడుతుంది. హైమావతి పొయ్యి కట్టేసి మరీ ఎదురుగా కూర్చునేది. ఒక్క అక్షరం కూడా అందించేది కాదు.

ఆ సాయంత్రం వకుళ "అమ్మా, నాకు బ... బ..." అంటుంటే, "బలపమా? బస్సా? బల్లా? ఏదో ఒకటి చెప్పి చావు!" అనేసింది. పిల్ల నోరు మూసుకుంది. భర్త ముకుందం చేతిలోని అన్నం ముద్దని తిరిగి కంచంలో పెట్టేశాడు.

మర్నాడు ఆమె కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డురాకుండా, చిరునవ్వు చెదరకుండా అంతా విన్నారు. వింటున్నది తన ఓర్పేనని ఆమె గుర్తుపట్టింది. పుట్టింటివాళ్ళని పరాయి గుమ్మంలో చూసినట్టయింది.

"అలాగేనమ్మా. రాసుకున్నాను. కూర్చోండి," అన్నారాయన. ఆయన చేతిలో కలం లేదు. కౌంటరుకు ఇవతల నిలబడి ఆ మాటలు వినడం ఆమెకి అదే మొదటిసారి.

"వెనక్కి ఎప్పుడిస్తారు సార్?"

"ఇక్కడ బాగా అలవాటు పడిందమ్మా. ఇప్పుడు కదిలిస్తే పాడైపోతుంది."

ఈలోగా ఆమె మీద ఫిర్యాదులు పెరిగి మెమో వచ్చింది. రంగనాయకులు జాలిపడ్డాడు. "స్టోరులో భయం బోలెడు పడి ఉంది. దానికి పైవాళ్ళ మంజూరు కూడా అక్కర్లేదు. పట్టుకెళ్ళమ్మా," అన్నాడు.

పట్టుకెళ్ళింది. ఆ రోజునుంచి ఎవరు తిట్టినా "అలాగేనండీ" అంటోంది. బల్ల కింద చేతులు వణుకుతున్నాయి గానీ, బల్ల కిందకి వంగి చూసేదెవరు? లైను మునుపటికంటే చకచకా కదులుతోంది. "ఓర్పుతో అయ్యే పనంతా దీంతోనూ అవుతుంది," అని రంగనాయకులు సంతోషించాడు.

ఇంట్లోనూ కసరడం మానేసింది. వకుళ నోరు తెరిస్తే, ఏం వినాల్సి వస్తుందోనని బిగుసుకుని కూర్చుంటోంది. పిల్ల అది ఓర్పే అనుకుంది. ఆనాడు ఆగిపోయిన మాట పూర్తిచేసింది. "బ... బహుమతి వచ్చిందమ్మా. ప... పద్యం మొత్తం చెప్పాను."

ఆ పద్యం విన్నాకే బడివాళ్ళు వకుళని తనిఖీ చేశారు. శనివారం హెడ్‌మిస్ట్రెస్ హైమావతికి కబురు పంపింది.

"పట్టుదల మీ పాపకి వయసుకి మించి ఉందండీ," అంది ఆవిడ ఎంతో ఆప్యాయంగా. "ర్యాంకుల సెక్షన్‌లో ఈ ఏడాది బొత్తిగా చాలడం లేదు. తాత్కాలికమే. కాదంటే మీ ఇష్టం. పాపని ఎక్కడ చేర్పిస్తారో మరి."

వకుళ తల్లి కొంగు పట్టుకుంది. "అ... అమ్మా, వ... వ..." అంటూ పిడికిళ్ళు బిగించింది.

ఆ మాటేమిటో హైమావతికి తెలుసు. అది పూర్తయితే వినాల్సి వస్తుందని, ఈలోపే హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగింది.

"సంతకం ఎక్కడండీ?" అంది.

ఇంటికి వెళ్ళే దారంతా వకుళ ఒక్క మాటైనా మొదలుపెట్టలేదు. పిల్ల ఎంత బుద్ధిగా నడుస్తోందో అని ఎదురైనవాళ్ళు మెచ్చుకున్నారు. హైమావతి ఒక్కొక్కరికీ ఆగి నమస్కారం పెట్టింది.