స్టాండ్‌బై మహాభాగ్యం

రేపు మీ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసా? తెలిసే ఉంటుంది. పొద్దున్నే లేస్తారు, ఆఫీసుకి వెళ్తారు, వస్తారు, తింటారు, పడుకుంటారు. అయ్యో పాపం! మిమ్మల్ని చూస్తే నాకు జాలేస్తోంది.

నాకు మాత్రం తెలియదు. ఎందుకంటే నా భార్య విమానంలో పనిచేస్తుంది. విమానం కదిలే ముందు నడవాలో నిలబడి బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపిస్తుందే, ఆవిడ. మీరు చూసి ఉండరు లెండి, అప్పుడు మీరు ఫోన్ చూసుకుంటూ ఉంటారు.

ఆ ఉద్యోగంలో స్టాండ్‌బై అనే గొప్ప సదుపాయం ఒకటుంది. విమానం ఎక్కాల్సిన మనిషి జ్వరమొచ్చో, ట్రాఫిక్‌లో ఇరుక్కునో రాకపోతే, ఆ స్థానంలో వెళ్ళడానికి ఇంకొకరు ఇంట్లో రెడీగా కూర్చోవాలి. పిలుపు వస్తే గంటలో ఎయిర్‌పోర్టులో ఉండాలి. రాకపోతే కూర్చునే ఉండాలి. అది డ్యూటీ అందామంటే మనిషి ఇంట్లోనే ఉంటుంది, సెలవు అందామంటే గుమ్మం దాటకూడదు. ఇంత చక్కటి ఏర్పాటు ప్రతి కుటుంబానికీ చట్టం చేసి మరీ కల్పించాలని నా డిమాండ్. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను.

అసలు మీ ఆవిడ మీ కోసం ఇంట్లో లిప్‌స్టిక్ వేసుకుని ఎన్నాళ్ళయింది? స్టాండ్‌బై రోజున మా ఆవిడ ఉదయం ఎనిమిదికల్లా నున్నగా కొప్పు చుట్టేసి, యూనిఫాం మీద నా పాత చొక్కా తొడుక్కుని వంటింట్లోకి వస్తుంది. చక్రాల పెట్టె గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. కళ్ళు చెమరిస్తే కాటుక చెదిరిపోతుందని ఉల్లిపాయలు నా చేతికిస్తుంది. ఆ విధంగా నాకు ఉల్లిపాయలు తరగడం వచ్చింది. మా అమ్మ ఇన్నేళ్ళూ నేర్పలేనిది ఒక్క రోస్టర్ నేర్పింది.

రోస్టర్ అంటే నెలాఖరుకి వచ్చే డ్యూటీల పట్టిక. దాంట్లో టైములన్నీ మన గడియారం ప్రకారం వేయరు. ప్రపంచానికంతటికీ కలిపి ఒక టైముందట, దాని ప్రకారం వేస్తారు. మాతోనే ఉంటున్న మా అత్తగారు అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆ లెక్క వేళ్ళ మీద కట్టేస్తారు. ఏ దేశంలో ఇప్పుడు ఎంతయిందో ఠక్కున చెప్తారు. బీపీ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు.

ఇక ఫోన్! ఆ ఫోన్‌కి జరిగే మర్యాద మా ఇంట్లో అల్లుడికి జరగదు. మా ఆవిడ స్నానానికి వెళ్తే నేను బాత్రూం బయట రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడతాను. ఒకసారి మోగింది. తలుపు దబదబా బాదేశాను. ఆవిడ నురగతోనే చెయ్యి బయటపెట్టి అందుకుంది. తీరా చూస్తే, సెలవుల్లో కుటుంబ సమేతంగా విహారయాత్రకి వెళ్తారా మేడమ్ అని ఎవరో!

అసలు కాల్ అయితే మొదటి మాటకే తెలిసిపోతుంది. డ్యూటీలు వేసే షెడ్యూలింగ్ సెక్షన్‌లో ఒకావిడ ఉంది. ఆవిడ గొంతు తేనె. ఎప్పుడు చేసినా, "సారీ అండీ, డిస్టర్బ్ చేశానా?" అనే మొదలుపెడుతుంది. అబ్బే, డిస్టర్బెన్స్ ఏముందమ్మా! మేమేదో జీవిస్తున్నాం, అంతే కదా.

మాకు ఏడేళ్ళ కూతురుంది. పేరొకటి ఉంది గానీ ఇంట్లో అందరం పిడుగు అంటాం. మీ పిల్లల పుట్టినరోజు ప్రతి ఏడాదీ ఒకే తేదీన వస్తుంది. ఎంత విసుగు! మా పిడుగుది ఒక ఏడాది తొమ్మిదిన వచ్చింది, మరుసటి ఏడాది ఇరవై రెండున. ఇలాంటి వైభోగం రాజులకైనా ఉందా? నీ బర్త్‌డే ఎప్పుడే అని స్నేహితురాలు అడిగితే, "ఇంకా రోస్టర్ రాలేదు, వచ్చాక చెప్తా" అందట.

దీనివల్ల చదువు కూడా బాగుపడుతుంది. మొన్నామధ్య క్లాసులో ఇంగ్లీషు మాటలకి అర్థాలు రాయమన్నారు. 'రూస్టర్' అన్నచోట మా పిడుగు ఇలా రాసింది: "నెలాఖరుకి వస్తుంది. అది రాగానే అమ్మ బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పేస్తుంది."

టీచరమ్మ దాని మీద ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి నన్ను పిలిపించింది. "రూస్టర్ అంటే కోడిపుంజు సార్. ఇంత చిన్న మాట కూడా రాకపోతే ఎలా?" అంది. నేను తలవంచుకుని, నేర్పిస్తానన్నాను. ఆ కుళాయి సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు. నీళ్ళు వృథా చేస్తోందని రెండుసార్లు కేకలు కూడా వేశాను.

టీచరమ్మ మంచిది. ఈ దెబ్బతో జన్మలో మర్చిపోకుండా ఉంటుందని, స్కూలు నాటకంలో పిడుగుకి కోడిపుంజు వేషమే ఇచ్చింది. కాకపోతే చిన్న మెలిక. అసలు కోడిపుంజు వేరే పాప. ఆ పాప రాకపోతేనే మా పాప. పిడుగు ఇంటికి ఎగురుకుంటూ వచ్చింది. "అమ్మా, నాకూ స్టాండ్‌బై పడింది!" అంది. వంశపారంపర్యం అంటే ఇదే కదండీ!

అడవిలో జంతువులన్నీ మొద్దునిద్ర పోతుంటాయి, కోడిపుంజు వచ్చి కూసి లేపుతుంది. అదీ నాటకం. పిలుస్తారో లేదో తెలియని ఆ ఒక్క కూత కోసం పిడుగు నెల రోజులు ఇల్లంతా కూసింది. వాళ్ళమ్మ చూడాలి. అదొక్కటే దాని పట్టుదల. అందుకని మా ఆవిడ ఆ శనివారం సెలవు కావాలని నెల ముందే అర్జీ పెట్టుకుంది. "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. పరిశీలించారు. రోస్టర్‌లో శనివారం ఎనిమిది నుంచి రెండు దాకా స్టాండ్‌బై వేశారు.

నేను నిరాశపడలేదు. నాటకం నాలుగింటికి. స్కూలు ఇరవై నిమిషాల దూరం. రెండు దాకా ఫోన్ మోగకపోతే చాలు, మా ఆవిడ మాదే!

ఆ శనివారం మా ఇల్లు చూడాల్సింది. సోఫాలో ఒక చివర కొప్పు, లిప్‌స్టిక్‌తో మా ఆవిడ. రెండో చివర అట్టముక్కల ఎర్ర జుట్టు, పసుపు కాగితం ముక్కుతో పిడుగు. మధ్యలో దిండు మీద ఫోన్. మా అత్తగారు గడియారం చూసి ప్రపంచం టైములో ఎంతయిందో చెప్తూ కూర్చున్నారు. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఒకటిన్నరకి మా ఆవిడ నా పాత చొక్కా విప్పేసి, చీర ఏది కట్టుకోనని అడిగింది.

ఒంటిగంట యాభై రెండు నిమిషాలకి ఫోన్ మోగింది.

"సారీ అండీ, డిస్టర్బ్ చేశానా?"

మా ఆవిడ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి పిడుగు వైపు చూసింది. పిడుగు ఏడవలేదు. పసుపు ముక్కు సరిచేసుకుని, "ఫర్వాలేదులే అమ్మా, నాది ఉత్త స్టాండ్‌బైయే కదా. నన్నెవరూ పిలవరు" అంది. తల్లికి ధైర్యం చెప్పడం ఏడేళ్ళకే వచ్చేసింది. ఇంకేం కావాలి?

పిలిచారు. అసలు కోడిపుంజుకి జ్వరమట. నేను మూడో వరసలో కూర్చున్నాను. పక్క కుర్చీలో నా చేతిసంచీ పెట్టి ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎవరి కోసమో నాకే తెలియదు. స్టేజి మీద జంతువులన్నీ గుర్రుపెడుతున్నాయి. పిడుగు వచ్చింది. నా పక్క కుర్చీ వైపు చూసింది. సంచీని చూసింది. కూయడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. తెర పక్క నుంచి టీచరమ్మ "కొక్కొరొకో" అని అందిస్తూనే ఉంది.

పిడుగు రెండు రెక్కలూ దగ్గరికి చేర్చి, తేనెలాంటి గొంతుతో, "సారీ అండీ, డిస్టర్బ్ చేశానా? గంటలో రిపోర్ట్ చేయాలి" అంది.

హాలంతా గొల్లుమంది. చప్పట్లు ఆగలేదు. జంతువులు కూడా లేచి నవ్వాయి. నేనూ నవ్వబోయాను గానీ నా వల్ల కాలేదు. తెర పక్కన టీచరమ్మ కూడా నవ్వలేదు.

ఏడు గంటలకి మా ఆవిడ తిరిగొచ్చింది. కొప్పు చెక్కుచెదరలేదు. పిడుగు ఇంకా ఎర్ర జుట్టు తీయలేదు.

"పిలిచారా తల్లీ?"

"పిలిచారమ్మా! నిన్ను ఏ విమానం ఎక్కించారు?"

"ఏదీ లేదురా. నేను వెళ్ళేసరికి అసలావిడ వచ్చేసింది. ఎలాగూ వచ్చావు కదా, ఆరింటిదాకా కూర్చోమన్నారు."

పిడుగు ఎర్ర జుట్టు తీసి సోఫా మీద పెట్టింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి ఒక సందేహం అడిగింది. విమానంలో ఆంటీ రాకపోతే అమ్మ వెళ్తుంది. కోడిపుంజు రాకపోతే తను వెళ్తుంది. "మరి అమ్మ రాకపోతే ఎవరొస్తారు నాన్నా?"

సోమవారం పిడుగు ఆ పాత పరీక్ష కాగితం మళ్ళీ ఇంటికి తెచ్చింది. టీచరమ్మ 'రూస్టర్' పక్కన తను పెట్టిన ఇంటూ కొట్టేసి టిక్కు పెట్టింది.

పాఠకులారా, నా అభిప్రాయం మారలేదు. స్టాండ్‌బై గొప్ప ఏర్పాటే. ఎవరు రాకపోయినా ఇంకొకరు ఉంటారు. పిడుగు అడిగిన ఆ ఒక్క స్థానంలోనే మనిషిని వేయడం మర్చిపోయినట్టున్నారు. అదే సంగతి వివరంగా రాసి, మూడో వరస కుర్చీ నంబరుతో సహా షెడ్యూలింగ్ సెక్షన్‌కి అర్జీ పంపాను. వెంటనే జవాబొచ్చింది.

"పరిశీలనలో ఉంది."