చిట్టెమ్మ సెలవు చీటీ

బుజ్జిబాబుకి అరవై నిండాయి గానీ పేరు మాత్రం ఎదగలేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు టైమాఫీసులో ముప్పయ్యారేళ్లు హాజరు పుస్తకం రాశాడు. ఎవడు ఎన్నింటికి వచ్చాడు, ఎవడికి ఎన్ని సెలవులు మిగిలాయి, ఎవడి నాయనమ్మ ఎన్నిసార్లు పోయింది, అన్నీ నోటికే. రెండు వేల మంది టైము చూసిన ఆ మనిషికి రిటైరయ్యాక తన టైము ఏం చేసుకోవాలో తెలియలేదు.

ప్రయత్నించలేదని కాదు. హిజ్లీ దాకా వాకింగుకి వెళితే కాలేజీ పిల్లలు సైకిలు బెల్లులు కొట్టి కొట్టి మురుగు కాలవ అంచుకి నెట్టేశారు. పేపరు ఎంత నిదానంగా చదివినా, టెండరు ప్రకటనలతో సహా తొమ్మిదిన్నరకి అయిపోయేది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరు ఖాళీ చేసి సుభాష్‌పల్లిలో కొనుక్కున్న రెండు గదుల ఇంటికి వచ్చాక, ఆ వీధిలో పలకరించే తెలుగువాడు కూడా లేడు.

అన్నిటికంటే గడవనిది సాయంత్రం నాలుగు. సరిగ్గా నాలుగింటికి భార్య చిట్టెమ్మ సూదీ దారం పట్టుకుని పక్కింటి దీదీ వరండాలోకి పోయేది. అక్కడ నలుగురు ఆడవాళ్లు పాత చీరలతో బొంతలు కుట్టుకుంటూ బెంగాలీలో ఒకటే నవ్వులు. గోడకి ఇవతల బుజ్జిబాబు తిరిగే ఫ్యాను చూస్తూ కూర్చునేవాడు. ఒక్క గంట నా దగ్గర కూర్చోవే అని అడగాలని ప్రాణం కొట్టుకునేది. ముప్పై నాలుగేళ్ల కాపురం తర్వాత పెళ్లాన్ని ఆ మాట అడగాలంటే సిగ్గు.

అడగలేని మగాడు ఏం చేస్తాడు, ఆర్డరు వేస్తాడు. రిటైరైన నలభయ్యో రోజు పొద్దున్న వంటింటి తలుపు మీద ఒక చార్టు వెలిసింది.

"ఇదేటండీ?"

"డ్యూటీ చార్టు. ఇంటికి ఒక పద్ధతుండాల."

చిట్టెమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఆరింటికి టీ. ఏడున్నరకి టిఫిను. పన్నెండున్నరకి భోజనం. నాలుగు నుంచి అయిదు: మాటలు, ఇద్దరూ. ఆ చివరి వరస కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీసి ఉన్నాయి.

"ఇందులో మీ డ్యూటీ ఏటి?"

"సూపర్‌విజన్."

ఆవిడ చార్టు పక్కన మేకుకి వేలాడుతున్న కొత్త హాజరు పుస్తకంలో సంతకం పెట్టింది. నాలుగింటికి వచ్చి ఎదురుగా కూర్చుంది కూడా. తీరా కూర్చున్నాక బుజ్జిబాబుకి మాట తోచలేదు. ఉక్కగా ఉందన్నాడు. ఆవిడ ఉందంది. అయిదు కొట్టగానే "టైమయిపోయినాదండీ" అని లేచి వెళ్లిపోయింది.

అక్కడితో ఆపాల్సింది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, టైమాఫీసు బుద్ధి అంతకంటే గట్టిది. మర్నాడు టీ ఎనిమిది నిమిషాలు ఆలస్యమైతే ఎర్ర సిరా పడింది. కూరల బజారులో గంట ఎక్కువైతే సగం పూట కోత పడింది. పాలవాడు లోపలికొచ్చిన టైము, బయటికెళ్లిన టైము రాయాల్సి వచ్చి, చెంబులో పోయాల్సిన పాలు పుస్తకం మీద పోశాడు. పదకొండింటికి దీదీ గిన్నెలో పాయసం తెస్తే, సందర్శకుల వేళ అయిదు నుంచి ఆరు అన్నాడు. దీదీ వెళ్లిపోయింది, గిన్నెతో సహా.

మూడో రోజు చిట్టెమ్మ నెమ్మదిగా అడిగింది. "ఏటండీ, ఈ ఆపీసులో సెలవులున్నాయా?"

బుజ్జిబాబు మొహం వెలిగిపోయింది. క్యాజువల్ లీవు ఏడాదితో మురిగిపోతుందనీ, సంపాదించుకున్న సెలవు ఏడాదికి ముప్పై రోజుల చొప్పున పోగవుతుందనీ, మూడొందలు దాటితే లెక్కలోకి రాదనీ రెండు గంటలు చెప్పాడు. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. రిటైరయ్యాక అంత హాయిగా గడిచిన పూట ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున్న టీ బదులు బల్ల మీద ఒక కాగితం ఉంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క రోజు కూడా సెలవు వాడలేదు కాబట్టి ఇప్పటికి పదిహేను రోజులు ఇప్పించగోర్తాను, ఇట్లు చిట్టెమ్మ.

"నువ్వు సెలవెడితే పనెవులు సేస్తారు?"

"రిలీవర్ని ఏసుకోండి."

కాదనడానికి రూలు ఎంత వెతికినా దొరకలేదు. చెయ్యి దానంతట అదే సంతకం పెట్టేసింది. చిట్టెమ్మ సూదీ దారం తీసుకుని పొద్దున్నే దీదీ వరండాకి నడిచింది.

పాలు పొంగాయి. పప్పు మాడింది. కుక్కరు మూత రాలేదు, వచ్చాక మళ్లీ పట్టలేదు. మధ్యాహ్నం మరమరాల్లో ఆవనూనె కలుపుకుని తింటుంటే గోడకి అవతలినుంచి నవ్వులు వినిపించాయి. అందులో చిట్టెమ్మ నవ్వు ఏదో ఇన్నేళ్ల మీద తనకి సరిగ్గా తెలియదని బుజ్జిబాబుకి అప్పుడు తట్టింది. మరమరాల గిన్నె పక్కన పెట్టేశాడు.

నాలుగింటికి రెండు గ్లాసుల టీ పట్టుకుని దీదీ వరండా మెట్లెక్కాడు.

"నాలుగయినాదే" అన్నాడు.

"సెలవులో ఉన్నాను గదండీ."

"ఇంటి పనికి గదా సెలవు. మాటలకి కాదు."

"చార్టులో రాసినదంతా డ్యూటీయే. మీరే సెప్పినారు."

సూదులు ఆగిపోయాయి. ఆడవాళ్లందరూ అతని మొహంలోకి చూస్తున్నారు. బుజ్జిబాబు టీ గ్లాసులు మెట్టు మీద పెట్టాడు.

"అది డ్యూటీ కాదే. నాకు తోచట్నేదు. ఒక గంట నా కాడ కూకుంటావని... ఆ గంట కోసరమే మిగతా చార్టంతా రాసినాను."

చిట్టెమ్మ బొంత పక్కన పెట్టింది. గొంతు తగ్గించి అడిగింది. "ముప్పై నాలుగేళ్లు మీరు ఆపీసుకెల్లిపోతే, పొద్దల్లా నాకెలా తోసిందో ఎప్పుడన్నా అడిగినారా?"

అడగలేదు. రెండు వేల మందిలో ఎవడు ఒక పూట కనబడకపోయినా ఎందుకని అడిగినవాడు, ఈ ఒక్క మనిషినీ అడగలేదు.

"ఆశున్ దాదా, బోశున్" అని దీదీ, రండి కూర్చోండంటూ పీట జరిపింది. దీదీ కోపం పోయిందో లేదో గానీ పీట మాత్రం చిన్నపిల్లలది. దాని మీద బుజ్జిబాబు గొంతుక్కూర్చున్నాడు.

"పోనీ ఇప్పుడు అడుగుతున్నాను. సెప్పు."

"మొదట్నించీ సెప్పాల. మజ్జిలో లేస్తే ఊరుకోను."

"లేవను."

చిట్టెమ్మ టీ గ్లాసు అందుకుని మొదలుపెట్టింది. "కొత్తలో నాకు బెంగాలీ రాదు, హిందీ రాదు. మాటాడ్డానికి గోడలే. అయిదింటికి సైరను కూసీది. సైకిల్లన్నీ ఒకేసారి వొచ్చీవి. గుమ్మంలో నించోని, అందులో మీ సైకిలేదా అని సూసీదాన్ని."

"నేనొచ్చేసరికి ఎప్పుడూ వంటింట్లోనే ఉండీదానివి గదే."

"మీరవుపించగానే లోపలికి పరిగెట్టీదాన్ని. ఎదురు సూత్తన్నానని మీకు తెలిస్తే సిగ్గు గదండీ."