నాలుగో రౌండు మర్యాద

కింది వీధి కార్డుల సంఘం పుట్టిన నాటి నుంచి ఒక్క ఆటలోనూ ఓడలేదని సగౌరవంగా తెలియజేయడమైనది. ఈ కీర్తికి మూలకారణం జలపాతం కార్డు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. రౌండుకొక శక్తి కార్డు పరచాలి. ఆ శక్తితో సైన్యాన్ని దింపి ఎదుటివారి కోట కూల్చాలి. చెలమ అనే సాదా కార్డు ఒక్క శక్తే ఇస్తుంది. జలపాతం మూడిస్తుంది. కాకపోతే ఐదో రౌండు నుంచి దాని శక్తి యావత్తూ ఎదుటివారికి పోతుంది. ఈ సంగతి కార్డు అడుగున చీమ తలకాయంత అక్షరాలలో ఉంటుంది. సంఘం ఉచితంగా పంచిన ప్లాస్టిక్ తొడుగుల బంగారు అంచు సరిగ్గా అక్కడికే వస్తుంది. అందం కోసమే.

సభ్యులందరి కట్టల్లోనూ జలపాతాలే. అందుచేత నాలుగో రౌండు కాగానే ఇద్దరూ లేచి, చేతులు కలిపి, ఇద్దరమూ గెలిచామని ప్రకటించుకోవడం ఆనవాయితీ. ఐదో రౌండును చూసిన కన్ను సంఘంలో లేదు.

ఇలాంటి శుభసమయంలో హాలు తగాదా వచ్చింది. ఆదివారాల్లో ఆ హాలు తమకే కావాలని పైవీధి సంఘం పట్టుబట్టింది. ఒక్క ఆటతో తేల్చుకుందామన్నారు. మన తరఫున గడియారాలు బాగుచేసే అతన్ని ఎంపిక చేశారు. వారమంతా ఇరుకు కొట్లో ముక్కాలిపీట మీద కూర్చునే మనిషి. తనను 'గారు' అని పిలిచే చోటు లోకంలో ఆ హాలొక్కటే. అది పోతే అతనికి ఆదివారమే లేదు.

ఇంట్లో సాధన చేస్తుంటే భార్య అడిగింది.

"ఐదో రౌండులో ఏమవుతుందండీ?"

"మర్యాదస్తులు అంతదాకా ఆడరే."

"ఎదుటివాళ్లు మర్యాదస్తులు కాకపోతే?"

ఆ ప్రశ్న అతని నిద్ర చెడగొట్టింది. మర్నాడు సగం జలపాతాలు తీసి చెలమలు పెట్టుకుంటానని అధ్యక్షుల వారికి నసుగుతూ విన్నవించుకున్నాడు. వారు కళ్లజోడు తీసి తుడిచారు. అంటే ఉపన్యాసం రాబోతోందని అర్థం.

"చెలమలతో గెలవచ్చు నాయనా, కాదనను. కానీ అలా గెలిచినవాణ్ణి చూసి ఎవడికైనా ఒళ్లు పులకరిస్తుందా? పోతే హాలు పోతుంది. పరువు పోతే మళ్లీ వస్తుందా?"

అతను చెలమలు పక్కన పెట్టి జలపాతాలన్నీ కట్టలోనే ఉంచుకున్నాడు.

పైవీధి తరఫున వచ్చినావిడ పళ్ల డాక్టరు. అన్నీ చెలమలే. రౌండుకొక గోడ కడుతూ, నొప్పి ఎక్కడో చెప్పమన్నట్టు అతన్ని చూస్తూ కూర్చుంది. అతని సైన్యం ఉప్పెనలా లేచింది. మూడో రౌండుకల్లా ఆమెకు ఒకే గోడ మిగిలింది. నాలుగో రౌండులో అతను అలవాటుగా సైన్యాన్ని ఆ గోడ మీదికి పంపకుండా వరసలో నిలబెట్టి, లేచి, చెయ్యి చాచాడు. మనవాళ్లు చప్పట్లు కొట్టారు.

"కూర్చోండి బాబూ," అందావిడ. "ఇంకా అవలేదు."

ఐదో రౌండు మొదలైంది. అతని జలపాతాలన్నీ ఆమె వైపు దుమికాయి. తన కోట ఎప్పుడు కూలిందో అతను చూడలేదు. చాచిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో వెతుక్కుంటున్నాడు.

ఎదుటివారి మొండితనాన్ని ఖండిస్తూ మన సంఘం మెట్ల మీదే తీర్మానం చేసి చెదిరిపోయింది.

హాలు దక్కిన పైవీధివారు డాక్టరమ్మను అభినందించారా? లేదు. గోడలు కట్టుకుంటూ గెలవడం కూడా ఒక గెలుపేనా అని పెదవి విరిచారు. ఆమెను జట్టులోంచి తప్పించి, జలపాతాలు తెప్పించి, వాటిని ఆడే తీరు నేర్పడానికి గడియారాలతన్నే పిలిపించారు. గురువుగారూ అన్నారు. ఫ్యాను కింద కుర్చీ వేశారు. అది విని మన సంఘంవాళ్లూ ఒక్కొక్కరే హాల్లోకి చేరారు.

డాక్టరమ్మ వెనక వరసలోంచి లేచింది. "ఆ అయిదో రౌండు మీరు అనుభవించారు కదండీ. వీళ్లకు చెప్పండి."

హాలంతా అతని వైపు తిరిగింది. అతనికి కొట్లో ముక్కాలిపీట కళ్లకు కట్టింది.

"చూడ్డానికి జలపాతమే బాగుంటుందమ్మా," అన్నాడు.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. కొట్టినవాళ్లలో కింది వీధివాళ్లెవరో, పైవీధివాళ్లెవరో ఆనవాలు పట్టడం కష్టమైంది. ఇంతకూ, తమరి అరచేతులు అంత ఎర్రగా ఉన్నాయేం?