చివరి మూడు గంటలు

శనివారం పొద్దున్న నస్టాసియాకు ఉన్న పని ఒక్కటే. మామయ్య పాత విమానంలో బెతెల్ నుంచి నునాపిక్ ఊరికి గంటన్నర వెళ్లడం, గంటన్నర తిరిగి రావడం. దాంతో ఆమె నడిపిన గంటలు ఐదువందలు పూర్తవుతాయి. అవి ఉంటేనే, రోడ్లు లేని అలాస్కా పల్లెలకు తిరిగే తన విమానంలో పైలట్ సీటు ఇస్తానన్నాడు బెతెల్లోని కంపెనీ యజమాని గ్లెన్. ఆరేళ్లుగా అదే కంపెనీలో మూటలు మోస్తూ, జీతమంతా విమానం పెట్రోలుకే పోస్తూ ఆమె కూడబెట్టుకున్న గంటలవి.

వస్తున్నానని నునాపిక్‌లోని పిన్నికి ఒక మాట చెప్పింది. పిన్ని ఆ మాటను ఊరంతా వినే రేడియోలో చాటేసింది. విమానం దిగేసరికి జనం సిద్ధంగా ఉన్నారు.

"మోకాళ్లు బెతెల్ ఆసుపత్రిలో చూపించుకోవాలే తల్లీ," అంటూ మాత్రోనా అవ్వ అడక్కుండానే ఎక్కి కూర్చుంది.

"డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే అనుమతి నాకింకా లేదవ్వా!"

"డబ్బెవరిస్తున్నారే? ఎండుచేపలిస్తున్నా. పట్టు!"

పెద్దవాళ్లు ఇచ్చింది తోసేయడం అక్కడ ఎవరికీ చేతకాదు. అవ్వ వెనకే ఆమె చెల్లెలూ ఎక్కింది. మధ్యాహ్నం గ్లెన్ విమానంలో తమకు టిక్కెట్లున్న సంగతి అక్కాచెల్లెళ్లిద్దరూ పైకి చెప్పలేదు.

నునాపిక్‌లో గ్లెన్ పనులు చూసేది వసీలి. నస్టాసియాకు మేనత్త కొడుకు. ఆ ఊళ్లలో బావ అన్నవాడు మరదల్ని ఆటపట్టించకపోతే ఇద్దరికీ చెడిందనుకుంటారు. కనుక వసీలి తన ధర్మం తాను నిర్వర్తించాడు.

"ఇవాళ మీ విమానం రానక్కర్లేదు సార్," అన్నాడు రేడియోలో గ్లెన్‌తో. "మా మరదలు సొంత కంపెనీ పెట్టేసింది. మీ జనాన్ని ఎక్కించుకుపోయింది!"

గ్లెన్ ఎక్కడో దూరాన ఒహాయో నుంచి వచ్చినవాడు. పాపం, అతనికి మరదళ్లు లేరు.

నస్టాసియా బెతెల్లో దిగేసరికి అతను ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమె గంటల పుస్తకం చాపింది. అతను ఎండుచేపల వంక చూశాడు.

"ఛార్జీ చేపల్లో తీసుకుంటున్నావా?"

"అయ్యో, అది మర్యాద సార్! వసీలి వేళాకోళమాడాడు. కావాలంటే అతన్నే అడగండి."

గ్లెన్ ఆఫీసులోకి వెళ్లి రేడియో అందుకున్నాడు. మరదలు పక్కనే ఉందని తెలిసి వసీలికి హుషారు రెట్టింపయింది.

"నిజమే సార్! రేపట్నుంచి సగం ధరకే టిక్కెట్టట. మీకూ ఉద్యోగమిస్తానంది, మూటలు మొయ్యడానికి!"

"నోర్ముయ్యి బావా! నా బతుకు పోతోందిక్కడ!" అని నస్టాసియా అరిచింది. అదీ ఆటలో భాగమే అనుకుని అవతల వసీలి చుట్టూ చేరినవాళ్లు పకపకా నవ్వారు.

అప్పుడు మాత్రోనా అవ్వ సాక్ష్యానికి ముందుకొచ్చింది. "బంగారంలాంటి పిల్ల బాబూ. నీ టిక్కెట్టు వదులుకుని మరీ దీని విమానమెక్కాను."

గ్లెన్ ఆ గంటల పుస్తకం తెరిచి కూడా చూడలేదు. నస్టాసియా పుస్తకం సంచిలో పెట్టేసి, అవ్వను ఆసుపత్రి దాకా నడిపించుకెళ్లింది. సీటు ఫ్లోరిడా నుంచి వచ్చిన ఒక పైలట్‌కు దక్కింది. ఆమెకు మూటల పని మాత్రం ఉంచారు, దానికి వేరే ఎవరూ దొరకరు కాబట్టి.

సోమవారం కొత్త పైలట్ మంచులో నునాపిక్ ఎక్కడుందో కనుక్కోలేక వెనక్కి వచ్చాడు. మంగళవారం నుంచి దారి చూపించడానికి నస్టాసియాను అతని పక్కన కూర్చోబెడుతున్నారు. పక్క సీట్లో ఎగిరిన గంటలు లెక్కలోకి రావు.